పవర్‌పేట టపాస్ కొట్టు

"ఏవండీ, ఇది రుచి చూపించడానికా? అసలు ప్లేటు వెనకాల వస్తోందా?"

అరచేతిలో పట్టే పళ్ళెంలో నాలుగు రొయ్యలు చూసి అడిగాడు చరణ్‌తేజ. "మీ దగ్గర ఏది బాగుంటే అది ఇవ్వండి" అన్నందుకు వచ్చినవి అవి. కలిదిండి నుంచి ఏలూరు వచ్చేసరికి ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి.

"అదే అసలు ప్లేటండీ," అంది పెర్సిస్. "కొంచెం కొంచెంగా నాలుగైదు రకాలు తినాలి. టపాస్ అంటారు."

వాళ్ళ నాన్న ఎలీషా స్పెయిన్‌లో ఓ ముసలి దంపతుల బార్‌లో ఏళ్ళ తరబడి వండి, వాళ్ళింటి రుచులన్నీ నేర్చుకొచ్చి పవర్‌పేటలో ఈ కొట్టు పెట్టాడు. అక్కడ వైన్ పోస్తే ఇక్కడ నిమ్మసోడా. బోర్డు చూసి మొదటి దీపావళికి జనం చిచ్చుబుడ్లు అడిగారు.

చరణ్ ఓ రొయ్యని వాసన చూసి దించేశాడు. "ఐసులో నిలవున్న సరుకండీ."

"తినకుండానే చెప్పేస్తారా? మీరేమైనా రొయ్యల డాక్టరా?"

"రొయ్యల రైతునండీ."

మర్నాడు పొద్దున్నే తన చెరువు రొయ్యలు తెచ్చి దించాడు. ఎలీషా వాటిని వెల్లుల్లి, ఎండుమిర్చితో నూనెలో తిప్పగానే వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు.

"రేపట్నుంచి నువ్వే పంపు బాబూ," అన్నాడు.

పంపమంటే తనే వచ్చేవాడు. వచ్చి, బంగాళాదుంపల ఆమ్లెట్ తెప్పించుకుని కూర్చునేవాడు.

"మీ రొయ్యలు మీరే తినరేం?" అని ఓ రోజు నిలదీసింది పెర్సిస్.

"ఒళ్ళంతా దద్దుర్లొస్తాయండీ."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తూ అతను ఆమ్లెట్ చల్లార్చుకున్నాడు.

శ్రావణం వచ్చింది. చరణ్ రావడం మానేశాడు. డ్రైవరు సరుకు దించి వెళ్ళిపోతున్నాడు. అడగడానికి పెర్సిస్‌కి అభిమానం అడ్డొచ్చింది.

ఓ జోరువానలో ఒకావిడ తడిసి లోపలికొచ్చింది. పెర్సిస్ తువ్వాలిచ్చి, వేడి వేడి ఆమ్లెట్ పెట్టింది.

"అడక్కుండానే తెచ్చావేం అమ్మాయ్?"

"రోజూ ఈ వేళకి ఒకటి వేస్తానండీ. ఒకాయన వచ్చేవారు, ఇప్పుడు రావట్లేదు. చెయ్యి మాత్రం ఆగట్లేదు."

ఆవిడ మెల్లగా తిని, చెయ్యి తుడుచుకుంది. "నా పేరు వెంకటనరసమ్మ. ఆ ఒకాయన మా వాడే. చర్చికెళ్ళే పిల్ల మనకొద్దురా అన్నాను. పోట్లాడితే నేనూ పోట్లాడేదాన్ని. నోరెత్తకుండా, ఇంట్లో దుంపల ఆమ్లెట్ వెయ్యమ్మా అన్నాడు. వేస్తే 'బానే ఉందమ్మా' అంటాడు. ఆ 'బానే' వినలేక వచ్చాను."

పెర్సిస్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఆయన నన్ను ఒక్క మాటైనా అడగలేదండీ!"

"పిరికి వెధవ. బయట వ్యాన్‌లో కూర్చున్నాడు."

పెర్సిస్ గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తి, వ్యాన్ అద్దం మీద కొట్టింది.

"ఏదో అడగాలటగా?"

"వాన తగ్గాక అడుగుతానండీ," అన్నాడు తడబడుతూ.

"తగ్గితే నేను లోపలికి వెళ్ళిపోతా."

"నన్ను... పెళ్ళి చేసుకుంటారా?"

"అవతలికి జరగండి, తడిసిపోతున్నాను," అంటూ ఎక్కి అతని పక్కన కూర్చుంది. "చేసుకోక?"

వంటగదిలోంచి వెంకటనరసమ్మ గొంతు వీధిదాకా వినిపించింది.

"అన్నయ్యగారూ, ఆ పెనం ఇలా ఇవ్వండి. ఆమ్లెట్ ఎలా తిప్పాలో నాకూ చూపించండి!"