పది డోసుల సీసా

"రేపు ఏసుకుంటా మేడమ్."

శివశంకర్ ఆ మాట అనడం అది పంతొమ్మిదోసారి. పడవ దిగీ దిగకముందే, వల భుజానేసుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వి మరీ అంటాడు. ఏఎన్ఎం వాణికి ఒళ్లు మండిపోతుంది. రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఇసుకలో చెప్పులీడ్చుకుంటూ గ్రామ సచివాలయానికి తిరిగొస్తుంది. వస్తూ రెండుసార్లు వెనక్కి చూస్తుంది.

వాణిది వెంకటాచలం ఊరి పక్కన వరి పండించే ఇల్లు. విడవలూరు మండలంలోని ఈ జాలర్ల పాలేనికి ఉద్యోగం మీద వచ్చి ఆరు నెలలైంది. జూన్‌లో వేట నిషేధం ఎత్తేసిన దగ్గర్నుంచీ, కోవిడ్ టీకా అంటే చాలు, ఇక్కడి మగాళ్లు మొహం చాటేస్తున్నారు. పద్దెనిమిది నిండినవాళ్లెవరైనా వేసుకోవచ్చు, ఆధార్ కార్డు, ఫోన్ తెస్తే అక్కడికక్కడే పేరెక్కిస్తాం అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. విన్నారు, మజ్జిగిచ్చారు, రాలేదు.

మర్నాడు ఆఖరి రోజు. ఆ తర్వాత టీకా పెట్టె పక్క ఊరికి పోతుంది. మళ్లీ ఈ ఊరి వంతు ఎప్పుడో డాక్టరుగారికే తెలియదు. పొద్దున్నుంచీ వాణి కుర్చీలో కూర్చున్నది లేదు. వాకిట్లోకి వెళ్లడం, లోపలికి రావడం.

పన్నెండింటికి ఒకే ఒక్క మనిషి వచ్చింది. శివశంకర్ తల్లి పేరమ్మ.

"ఎవురూ రారు గానీ, నాకేసెయ్ తల్లీ. మావోడు వేట నుంచి వచ్చేలోపల అయిపోవాల."

"ఒక్కరి కోసం సీసా తెరవకూడదత్తా. పది డోసులుంటాయి. తెరిచాక నాలుగ్గంటల్లో వెయ్యకపోతే పారబొయ్యాల్సిందే."

"నాకు షుగరుండాది. షుగరున్నోళ్లు తప్పకుండా ఏసుకోవాలని చెప్పింది నువ్వే గదా?"

చెప్పిన మాట నిజమే.

పేరమ్మ కళ్లు చికిలించింది. "అదట్టుండనీ. నా ఈడోళ్లనందర్నీ పెద్దమ్మా అంటావు. నన్నొక్కదాన్నే అత్తా అంటావేంది?"

వాణి చెవులు ఎర్రబడ్డాయి. మాట మార్చడానికి తెరిచిందో, ఆమె షుగరు తలుచుకుని తెరిచిందో గానీ, సీసా తెరిచేసింది.

అరగంట కూర్చోబెట్టి, జ్వరం మాత్రలిచ్చి పేరమ్మను ఇంటికి పంపాక, అప్పుడు పట్టుకుంది భయం. ఇంకా తొమ్మిది డోసులు. టీకా దొరక్క నెల్లూరులో జనం క్యూలు కట్టి తన్నుకుంటుంటే, తను తొమ్మిది మందికి సరిపడే మందు నేలపాలు చెయ్యబోతోంది. ఇక ఆగలేక ఐసు పెట్టె తీసుకుని ఒడ్డున వలల పాకలోకి వెళ్లి కూర్చుంది. కూర్చోలేక లేచింది. సముద్రం మీద ఒక్క పడవా కనబడలేదు.

రెండున్నరకు రెండొచ్చాయి. ముందుది శివశంకర్ మేనమామ గంగాధరానిది. అందులో శివశంకర్‌తో కలిపి ఐదుగురు. వెనక మునెయ్య పడవలో నలుగురు.

"మేడమ్, రేపు..."

"రేపు లేదు. మీ అమ్మకి వేసేశాను. ఇంకా తొమ్మిది డోసులున్నాయి."

శివశంకర్ నవ్వు ఆగిపోయింది. "మా అమ్మకా? నన్నడక్కుండా ఎట్టేస్తారు?"

"నిన్నడిగితే వేసుకోనివ్వవనే ఒంటరిగా వచ్చింది. షుగరున్న మనిషిని మూడు వారాలు ఆపావు. సిగ్గుగా లేదూ నీకు?"

ఆమె అతన్ని నువ్వనడం అదే మొదలు. అతను తల దించుకున్నాడు.

గంగాధరం కల్పించుకున్నాడు. "వాణ్ణనబాకమ్మా. మా బాధ నీకు తెలవదు. ఒకడికి జొరమొస్తే పడవ కదల్దు. ఈ పొద్దు నాకు, రేపు వీడికి, ఎల్లుండి ఇంకోడికి. వారమంతా ఒడ్డునే కూసోవాల. రెండు నెల్లు నిషేధంలో కూసోని ఇప్పుడే గదా నీళ్లలో దిగినాం?"

ఇన్నాళ్లూ ఎవరూ వాణికి ఈ ముక్క చెప్పలేదు.

"మా ఊళ్లో నాట్లేసే ముఠాదీ ఇదే బాధ మామా. ఒకరు రాకుంటే మడి ఆగిపోతుంది. అందుకే పని మానితే అందరూ ఒకే రోజు మానతారు. మీరు ఒక్కొక్కరూ ఎందుకు వేసుకోవడం? ఐదుగురూ ఇప్పుడే వేసుకోండి. వస్తే అందరికీ కలిసే వస్తుంది జ్వరం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది."

గంగాధరం గడ్డం గోక్కున్నాడు. "ఇది మాకు తోచలేదే."

అలా ఐదుగురు. శివశంకర్ మునెయ్య పడవ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఏం చెప్పాడో, ఎవరి గడ్డం పట్టుకున్నాడో తెలియదు గానీ, నలుగురూ వచ్చారు. మునెయ్య తిట్టుకుంటూనే వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లు విప్పి ఫోన్లు తీశారు. ఆడవాళ్లు ఇళ్ల నుంచి ఆధార్ కార్డులు మోసుకొచ్చారు.

నాలుక్కి పది నిమిషాలుండగా చివరివాడుగా శివశంకర్ కూర్చున్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని.

"అయిపోయిందా?"

"ఇంకా గుచ్చనే లేదు."

అందరూ వెళ్లాక, ఖాళీ సీసా పక్కన పెట్టి, వాణి కాసేపు ఏడ్చింది.

మర్నాడు పొద్దున రెండు పడవలూ ఒడ్డునే ఉన్నాయి. తొమ్మిది ఇళ్లలో తొమ్మిది దుప్పట్లు. పక్క ఊరికి పోతూ వాణి మాత్రలు పంచుకుంటూ వచ్చి, శివశంకర్ మంచం దగ్గర ఆగింది.

"ఇన్నాళ్లూ ఎందుకేసుకోలేదో తెలుసునా?" అన్నాడతను. "సూదికి భయపడి గాదు."

"నిన్న చూశాంలే."

"సరే, దానికీ భయపడినా. కానీ, ఏసుకున్నానంటే నువ్వింక ఒడ్డుకి రావు గదా? నువ్వు రావాలనే ఆగినా. నా స్వార్థానికి మా అమ్మని గూడా ఆపినా. నువ్వు సిగ్గులేదా అన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు."

వాణికి కోపమొచ్చింది. చెంప పగలగొట్టాలనిపించింది. దాంతోపాటే గుండె నిండా సంతోషమూ వచ్చింది. రెంటినీ ఏం చేసుకోవాలో తెలియక మాత్రల డబ్బా మూత తిప్పుతూ నిలబడింది.

"రెండో డోసు ఎప్పుడు?" అడిగాడు.

"ఎనభై నాలుగు రోజులకి."

"అంతదాకా రావా?"

"అన్నాళ్లు నేనూ ఉండలేను శంకర్."

అనేసి, తనే ఉలిక్కిపడింది. వెనక పేరమ్మ గంజి గ్లాసుతో నిలబడి ఉంది. మొత్తం వినేసింది.

"మా నాన్న ఒప్పుకోడత్తా," అంది వాణి, ఏడుపు గొంతుతో. "ఆయన మాటకి ఎదురు లేదు మా ఇంట్లో."

"తొమ్మిది మంది మొగోళ్లని ఒక్కపూటలో కూసోబెట్టి సూదేసినావు. మీ నాయనొక్కడు, ఆయన్ని ఒప్పించలేవా?" అంది పేరమ్మ. "వీడికి జొరం తగ్గనీ. నేనూ వస్తా తోడు."

పక్క ఊళ్లో జనం కాసుక్కూర్చుని ఉంటారు. అయినా వాణి గంజి గ్లాసు అందుకుని, మంచం పక్కన కూర్చుంది.