లిస్టులో లేని పిలుపు

సిరొంచ దాటి ప్రాణహిత ఒడ్డు వెంట కొంచెం దూరం పోతే వచ్చే చిన్న ఊరది. అక్కడ గ్రామపంచాయత్ ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటరు, గోడల వెంట కారే వాన. ఆ సాయంత్రం ఆపరేటరు ప్రణాలి ఆ గదిలో ఒక్కతే కూర్చుని ఒక స్క్రిప్టుతో కుస్తీ పడుతోంది.

స్క్రిప్టంటే మరేం లేదు, కంప్యూటరుకు వరసగా చెప్పిపెట్టిన పనులు. నది పెరిగితే లిస్టులోంచి దిగువ వాడ ఇళ్ళ పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, నీళ్ళ ట్యాంకు మీది స్పీకర్‌లో యంత్రం గొంతుతో పిలవాలి. పేరు విన్నవాళ్ళు పిల్లాజెల్లతో బడికి ఎక్కి రావాలి. చేత్తో నడిపిస్తే ఆ స్క్రిప్టు బుద్ధిగా పిలుస్తుంది. టైమరు మీద వదిలేస్తే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటుంది. రాత్రంతా ఆఫీసులో ఎవరుంటారు? అది తనంతట తాను పిలవాల్సిందే, కింద నీళ్ళు చూస్తే ఆగేలా లేవు.

కానీ ప్రణాలి ప్రాణం ఇంటి దగ్గరుంది. అక్కడ తండ్రి కిష్టన్న ఒక్కడే ఉన్నాడు. పోయిన వానాకాలం తల్లి పోశక్క బట్టలుతకడానికి రేవుకు దిగింది, మళ్ళీ ఎక్కలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచీ దీపాలు పెట్టే వేళకు కిష్టన్న అరుగు మీద నది వైపు తిరిగి కూర్చుంటాడు.

"మీ అవ్వ పిలుస్తున్నదే" అంటాడు. "రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తె పోదును."

నీళ్ళలో పోయినవాళ్ళు మూడోసారి పిలవలేరని ఆ ఊరి నమ్మకం. అందుకే చీకటి పడ్డాక ఒకటో పిలుపుకూ రెండో పిలుపుకూ ఎవరూ పలకరు. మూడోది వినబడితేనే మనిషని లెక్క. ప్రణాలికి దెయ్యాల మీద నమ్మకం లేదు. బాపు మీదే బెంగ. మూడోసారి పిలిచినట్టనిపిస్తే చాలు, లేచి నడిచిపోయే మనిషాయన, అందుకే మునిమాపు వేళ ఆయన్ని ఆమె ఎన్నడూ ఒంటరిగా వదల్లేదు. ఇవాళ తప్పలేదు.

ఈ నమ్మకం వల్లే స్క్రిప్టుకు మొదట్లో ఒక తంటా వచ్చింది. పేరు ఒక్కసారి పిలిస్తే దిగువ వాడలో ఒక్కరూ కదల్లేదు. ముసలి యాదక్క ఆఫీసుకొచ్చి మరీ తిట్టింది.

"ఒక్కసారి పిలిస్తె ఎవలు పలుకుతరు బిడ్డా? మనిషో ఏందో ఎట్ల తెలుస్తది? మూడుసార్లు పిలవమను నీ మిషన్ను!"

ప్రణాలి నవ్వుకుని, ప్రతి పేరూ మూడుసార్లు పిలిచేలా రాసింది. ఊరంతా మెచ్చుకుంది.

ఇప్పుడు టైమరు సంగతి చూడాలి. చామోర్షికి బదిలీ అయిపోయిన పాత ఆపరేటరు విలాస్ టైమరుకిచ్చిన ఆదేశం చివర ఒక ముక్క తగిలించాడు. దానితో స్క్రిప్టు చెప్పే మాటలూ, దాని తప్పులూ అన్నీ ఎటూ కాని శూన్యంలోకి పోతున్నాయి. ఏడ్చే పిల్ల నోరు మూసి పిల్ల బాగుందన్నట్టుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అనుకుంటూ ప్రణాలి ఆ ముక్క తీసేసింది. మాటలూ తప్పులూ రెండూ ఒక ఫైల్లోకి వచ్చిపడేలా దారి మళ్ళించి, ఆ ఫైలును తెర మీద తెరిచిపెట్టింది.

టైమరు మోగింది. ఫైల్లో ఒక వాక్యం పడింది. కమాండు దొరకలేదట.

ఇంతేనా! గొంతునిచ్చే ప్రోగ్రాం ఏ ఫోల్డర్లో ఉందో ఆమెకు తెలుసు, టైమరుకు తెలియదు. పూర్తి దారి రాసి మళ్ళీ టైమరు పెట్టింది. ఈసారి ట్యాంకు మీద స్పీకర్ గరగరమంది. ఫైల్లో పేరు పడటం, బయట పిలుపు వినబడటం, వెంటవెంటనే. రాజక్క, రాజక్క, రాజక్క. యాదక్క, యాదక్క, యాదక్క. కిటికీలోంచి చూస్తే వానలో టార్చిలైట్లు ఒక్కొక్కటే బడి వైపు ఎక్కుతున్నాయి. ప్రణాలికి ఏడుపొచ్చినంత సంతోషమేసింది. లిస్టు అయిపోయింది. ఆమె సంచి భుజాన వేసుకుంది.

ఫైల్లో ఇంకో వాక్యం పడింది.

'ఓ ప్రణాలి బాపూ.'

బయట స్పీకర్ అదే పలికింది. ఆడా మగా తెలియని అదే యంత్రం గొంతు. కానీ మాట...

పోశక్క మొగుణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. బిడ్డ పుట్టిన నాటినుంచీ ఆమె పిలుపు ఇదే. ఇలాంటి పిలుపు ఏ లిస్టులో ఉంటుంది? ప్రణాలి వెతికింది. లిస్టులో లేదు. స్క్రిప్టులో లేదు. గదిలో ఎక్కడినుంచో నాచు వాసన, నానిన బట్టల వాసన...

ఆపే మీటలు నొక్కింది. ఆగడానికి ఏదీ నడవడం లేదు. స్క్రిప్టు ఎప్పుడో ముగిసింది.

'ఓ ప్రణాలి బాపూ.'

రెండు.

ఆమె ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది. స్పీకర్ వైరు పట్టుకుని గుంజింది, తెగి చేతికొచ్చింది. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంటికి ఫోను చేసింది. మోగింది... మోగింది... ఎత్తాడు.

"బాపూ, పలకకు" అంది గుసగుసగా. "అది మిషను. నేను రాసిన మిషను."

"మిషనే అయితె, పలికితె ఏమైతది బిడ్డా?"

 ప్రణాలి సంచి జారవిడిచి తలుపు వైపు నడిచింది.

"నీకు దండం పెడత... పలకకు. నేనొస్తున్న."

తెగిన వైరు ఆమె చేతిలోనే ఉంది. అయినా బయట ట్యాంకు మీదా, చెవి దగ్గర ఫోనులోనూ ఒక్కసారే వినబడింది.

'ఓ ప్రణాలి బాపూ.'

"వస్తున్ననే" అన్నాడు కిష్టన్న.

ఆ గొంతులో భయం లేదు. ఏడాదిగా ఆమె విననంత సంతోషం ఉంది. ప్రణాలి గుండె అక్కడే పగిలింది.

వానలో పడుతూ లేస్తూ ఉరికింది. వాళ్ళ ఇల్లు ఎగువన ఉంది, అక్కడికి చుక్క వరద రాలేదు. అరుగు ఖాళీగా ఉంది. ఫోను మాట్లాడుతున్నట్టే వెలుగుతూ కింద పడి ఉంది. ఊరంతా లాంతర్లతో, పడవలతో వెతికింది. వరద తీసేదాకా వెతికింది. నది ఏమీ ఇవ్వలేదు. రెండు పిలుపుల దగ్గర ఆగిపోయేదానికి మూడోది నేర్పింది తనేనని ప్రణాలి ఎవరితోనూ అనలేదు.

నీళ్ళు తీశాక, పట్టపగలు, ఆఫీసులో కంప్యూటరు పెట్టి ఆ ఫైలు తెరిచింది. రెండో పిలుపు దగ్గరే ప్లగ్గు పీకింది కనుక ఫైలు అక్కడే ఆగాలి. ఆగలేదు. ఆ కంప్యూటరుకు పలికించే స్పీకరే ఉంది, వినే మైకు లేదు. అయినా మూడో పిలుపు కింద ఇంకా కొన్ని వాక్యాలున్నాయి.

'వస్తున్ననే.'

'మెల్లగ దిగు. మెట్టు జారుతది.'

'బిడ్డకు చెప్పొచ్చినవా?'

'చెప్పలే. అదే వస్తదిలే.'