అరవై ఎనిమిది కిలోలు

నిచ్చెన బండి నడిపేవాడు ఎప్పుడూ పైకే చూస్తుంటాడని అందరూ అనుకుంటారు. పైకి చూడ్డం తర్వాత సంగతి. ముందు కిందికి చూడాలి. బండి నాలుగు కాళ్ళూ పక్కలకి చాపి నేలకి ఆనించాలి. ఒక్కో కాలి కింద చెక్క పలక వెయ్యాలి. ఆ నేల కింద కాలవేమైనా ఉందా, పూడ్చిన గొయ్యి ఉందా అని కనుక్కోవాలి. పక్కన కరెంటు తీగలు చూసుకోవాలి. అప్పుడు నిచ్చెన లేపాలి. ఇరవై రెండేళ్ళుగా ఫైర్ స్టేషన్లో ఇదే నా పని. నిచ్చెన కొసనున్న బుట్టలో ఒకడు పైకి పోతాడు, నేను బండి మీద నా సీట్లో కూచుని వాణ్ణి లేపుతాను, దింపుతాను.

మూడేళ్ళుగా ఆ బుట్టలో పోతున్నది నా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. వాడు ఈ ఉద్యోగంలో చేరిన రోజు ఆవిడ ఒకే మాట అంది. "ఎక్కించేది మీరే కదా, అందుకే ఒప్పుకున్నా. దింపే పూచీ కూడా మీదే." ఆ రోజు సరేనని నవ్వేశాను. కానీ వాడు బుట్టలో కాలు పెట్టిన ప్రతిసారీ ఆ మాట నా చెవిలో వినపడుతూనే ఉంటుంది.

నాకు పని నేర్పిన పెద్దాయన మహా చాదస్తుడు. నా చేత మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. ఆయన రెండు సంగతులు మాత్రం బుర్రలోకి ఎక్కించాడు. మొదటిది, "కంటితో లెక్కపెట్టకురా, నోటితో అడుగు." కిటికీలో ఎవరైనా కనపడగానే మైకులో ఎంతమంది ఉన్నారని అడగాల్సిందే. రెండోది, బుట్ట కిందికి వచ్చాక ఎవరూ వాళ్ళంతట వాళ్ళు దిగకూడదు. బుట్టలోవాడు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకోవాలి. నేను ఒకటి, రెండు అని అంకె పిలవాలి. పిలిచాక ఆ చెయ్యి కింద నిలబడ్డవాడి చేతికి అప్పగించాలి. చెయ్యి చేతికి అందేదాకా వదలకూడదు. కింద నిలబడేవాడు మా దగ్గర ఒక లావుపాటి మనిషి. వాణ్ణి అందరం బస్తా అంటాం, పలుకుతాడు కూడా.

ఇక మీటరు సంగతి. బుట్టలో ఎంత బరువుందో నా ముందున్న మీటరు చెబుతుంది. హద్దు రెండువందల డెబ్బై. అది దాటితే నిచ్చెన దానంతటదే బిగుసుకుపోతుంది. నాలుగేళ్ళుగా మా మీటరుకి ఒక రోగం పట్టుకుంది. ఖాళీ బుట్టకి అరవై ఎనిమిది కిలోలు చూపిస్తుంది. మెకానిక్ సెన్సరు రెండుసార్లు మార్చాడు. వంద కిలోల రాళ్ళు పెట్టి చూశాడు, నూట అరవై ఎనిమిది చూపించింది. "మీటరు బాగానే ఉంది గురూ, నీ బుట్టలోనే ఎవరో కూచున్నారు" అని నవ్వుకుంటూ పోయాడు. మేమూ నవ్వాం. ఆ తర్వాత అందరం అరవై ఎనిమిది తీసేసి చదవడం అలవాటు చేసుకున్నాం. ఎవరో మీటరు పక్కన పెయింటుతో ఆ అంకె రాసి కూడా పెట్టారు.

అందరితో పాటు నవ్వానే గానీ, ఆ రోగం ఏ రోజు మొదలైందో నాకు తెలుసు.

నాలుగేళ్ళ కింద ఒక పాత మేడ తగలబడింది. నాలుగో అంతస్తు కిటికీలో ముగ్గురు కనపడ్డారు. ఇద్దరు లావుపాటి అన్నదమ్ములు, వాళ్ళ వెనక ఒక ఆడమనిషి. నేను అడగలేదు. కళ్ళకి కనపడుతుంటే ఇంకా అడిగేదేముంది అనుకున్నాను. అన్నదమ్ములిద్దరూ ఎక్కేసరికి బుట్ట హద్దుకి వచ్చేసింది. "మీరు ఆగండమ్మా, వచ్చే ట్రిప్పు మీదే" అని మైకులో చెప్పాను. ఆమె వెనక్కి, కిందికి ఏదో చూపిస్తూ చెయ్యి ఆడించింది. మంట చూపిస్తోంది అనుకున్నాను. తల ఊపి నిలబడిపోయింది. బుట్ట కిందికి దిగే లోపల ఆ అంతస్తు కూలిపోయింది.

ఆమె ఆ మేడలో గది అద్దెకి తీసుకుని రెండు రోజులే అయిందట. ఎవరో ఏమిటో ఎవరికీ తెలియదు. బూడిదలో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. విచారణలో ఎంతమంది మిగిలారని అడిగితే "ఒక్కరే" అన్నాను, సంతకం పెట్టాను. రూలు ప్రకారం నా తప్పేం లేదన్నారు. మర్నాడు పొద్దున బండి తనిఖీ చేస్తుంటే, మొదటిసారి ఖాళీ బుట్టకి అరవై ఎనిమిది చూపించింది.

నాకు నేను ఒకటే చెప్పుకునేవాణ్ణి. ఆమె పుల్లలా ఉండేది. ఎంత లెక్కేసినా యాభై దాటదు. కాబట్టి ఇది ఆమె కాదు. నాలుగేళ్ళూ ఈ లెక్కే నాకు నిద్ర పట్టించింది.

మొన్న మధ్యాహ్నం పిలుపు వచ్చింది. ఆరంతస్తుల మేడ, కింద పరుపుల గోడౌను అంటుకుంది. పరుపుల పొగ నల్లగా, జిడ్డుగా ఉంటుంది. పట్టపగలే వీధంతా చీకటి పడిపోయింది. కాలిన రబ్బరు కంపుకి కళ్ళు మండుతున్నాయి. బండి కాళ్ళు చాపాను, పలకలు వేయించాను. బావమరిది బుట్ట ఎక్కి బెల్టు కొక్కెం తగిలించుకున్నాడు. "మీ అక్కకి ఏం చెప్పమంటావురా?" అన్నాను, ఎప్పుడూ అనే మాటే. "వంకాయ వండొద్దని చెప్పు బావా" అన్నాడు, వాడూ ఎప్పుడూ అనే మాటే.

ఐదో అంతస్తు కిటికీలో ఒక ముసలి జంట. ఈసారి అడిగాను. "మేమిద్దరమే" అన్నారు. ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత పొగ కమ్మేసింది. బుట్ట నాకు కనపడకుండా పోయింది.

అలారం మోగింది. మీటరు రెండువందల డెబ్బై ఎనిమిది. నిచ్చెన బిగుసుకుపోయింది.

అరవై ఎనిమిది తీసేస్తే రెండువందల పది. ఏ భయమూ లేదు. ఆ బిగింపు విడిపించే తాళంచెవి సీటు కింద సీలు వేసి ఉంటుంది. బుట్టలో మనుషులు ఉండగా దాన్ని ముట్టుకోకూడదు. కానీ పైన ఉన్నది మా ఆవిడ తమ్ముడు, కింద మంట కిటికీలు పగలగొట్టుకుంటూ లేస్తోంది. సీలు తెంపి తాళం తిప్పాను.

నిచ్చెన కదిలింది. దాంతో పాటు బండీ కదిలింది.

"అన్నా..." కింద నుంచి బస్తా గొంతు. "వెనక కాలు లేస్తోంది."

చూశాను. వెనక కాలికీ పలకకీ మధ్య వేలెడు సందు. మీటరు అబద్ధం చెప్పొచ్చు. బండి కాలు ఎందుకు చెబుతుంది? ఆ బరువు నిజం... నాలుగేళ్ళ నుంచీ నిజం.

పెడల్ తొక్కి పట్టుకుంటేనే నిచ్చెన కదులుతుంది. కాలు తియ్యకూడదు. ముందు నిచ్చెనని లోపలికి లాక్కోవాలి, తర్వాతే వంచాలి. అంగుళం... ఇంకో అంగుళం... చెవిలో బావమరిది గొంతు, చాలా మెల్లిగా.

"బావా. ఎంతమందిని ఎక్కించాను?"

"ఇద్దర్ని. నీతో ముగ్గురు. ఏం?"

నిచ్చెన ఇంకో అంగుళం లోపలికి వచ్చింది.

"ముసలాయన జరుగుతున్నాడు బావా. ఎవరికో చోటిస్తున్నట్టు... భార్యని కూడా జరగమంటున్నాడు."

"నువ్వు ఎటూ చూడకు. కింద నన్నే చూడు."

"పొగలో నువ్వు కనపడట్లేదు."

"అయినా చూడు."

కాలు పలక మీదికి దిగింది. ఆ టక్కుమన్న చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. బుట్ట పొగలోంచి బయటికి వచ్చింది. లోపల ముగ్గురే. ముగ్గురూ ఒక మూలకి ఒదిగి నిలబడ్డారు, రెండో మూలంతా ఖాళీగా ఉంది.

నేలకి ఆనింది. "ఒకటి" అన్నాను. ముసలావిడ చెయ్యి బస్తా అందుకున్నాడు. "రెండు." ముసలాయన కాళ్ళు నిలవక కూలబడబోతే, బస్తా ఆయన్ని ఎత్తుకుని అంబులెన్సు వైపు పరిగెత్తాడు. నేను మనుషుల్ని చూడ్డం లేదు. మీటరు చూస్తున్నాను. నూట యాభై ఎనిమిది. బావమరిది తొంభై. ఇంకా ఒకరి బరువుంది... ఇరవై రెండేళ్ళ అలవాటు. నా నోరు దానంతటదే పిలిచేసింది.

"మూడు."

వాడికీ అదే అలవాటు. అంకె వినగానే ఎడమ చెయ్యి పక్కకి చాపి, పట్టుకుని, కిందికి దింపాడు. బుట్ట కొంచెం పైకి లేచింది. మీటరు తొంభైకి వచ్చింది. తర్వాత వాడు దిగాడు. సున్నా.

నాలుగేళ్ళ తర్వాత సున్నా చూశాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. వాణ్ణి దింపేశాను, అంతే చాలనుకున్నాను.

స్టేషన్లో వాడు బండి కడగలేదు. కుడి చేత్తోనే బెల్టు విప్పుకున్నాడు, కుడి చేత్తోనే నీళ్ళు తాగాడు. ఎడమ చెయ్యి పక్కన సగం ముడిచి వేలాడుతోంది. దెబ్బ తగిలిందా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇద్దరం ఇంటికి నడుస్తుంటే, వీధి మలుపులో ఆగిపోయాడు.

"బావా. నువ్వు పిలిచావు, దింపాను. కింద అందుకోవడానికి ఎవరూ లేరు. ఎవరికి అప్పగించమంటావు?"

వాడి చెయ్యి చూశాను. ఆ వేళ్ళ మధ్య చర్మం నొక్కుకుపోయి తెల్లబడింది. పూచీ నాది. వాళ్ళ అక్కకి మాటిచ్చింది నేను. నాలుగేళ్ళ కింద ఆ కిటికీలో ఆమెని ఆగమన్నదీ నేనే.

"నాకియ్యి" అన్నాను. "ఆగమన్నది నేనమ్మా. వీణ్ణి వదిలెయ్. నా దగ్గరికి రా." కుడి చెయ్యి చాపాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత నా అరచేతిలోకి వెచ్చగా ఏదో వచ్చి చేరింది. వేళ్ళు ముడిచి పట్టుకున్నాను. భయం వేసింది, అంతకంటే ఎక్కువ ఊరటగా అనిపించింది.

"వదిలిందా?" అన్నాను.

"లేదు బావా" అన్నాడు. "ఇందాకటి కంటే గట్టిగా పట్టుకుంది."

నేను నా చేతిలోదాన్ని తడిమాను. ఐదు వేళ్ళు. ఒక్కోటి నా బొటనవేలిలో సగం కూడా లేదు. మసి అంటుకుని జిడ్డుగా ఉన్నాయి. కిటికీలోంచి ఆమె వెనక్కి, కిందికి చూపించింది గుర్తొచ్చింది. సన్నటి మనిషి, యాభై దాటదు. మిగతా పద్దెనిమిది...

అడగలేదు. ఆ రోజు నేను అడగలేదు.

అలాగే నడిచాం, మా ఇద్దరి మధ్య రెండు అడుగుల ఖాళీతో. నా చెయ్యి కాస్త కిందికి వంచి నడవాల్సి వచ్చింది. తల దించి చూడలేదు.

మా ఆవిడ తలుపు తీసింది. నా మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది. "ఇద్దరూ వచ్చేశారా" అంది. ఆ తర్వాత, ఎందుకో ఆవిడకే తెలియనట్టు, గోడ వైపు జరిగి, తలుపు రెండో రెక్క కూడా తీసి పట్టుకుంది.