రోజుకి ఐదు వాక్యాలు

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చునే టైలరుగారికి మాటలంటే మహా ఇష్టం. గిరాకీ లేని రోజున బట్టలు కుట్టకపోయినా మాటలు కుడుతూనే ఉండేవారు. అలాంటి మనిషి కూతురితో మాట్లాడ్డం మానేసి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. నర్సుగా పనిచేస్తున్న ఆ పిల్ల, ఫిన్లాండులో ఓ వృద్ధాశ్రమంలో చేరతానంది. ముందు ఫిన్నిష్ పరీక్ష పాసవ్వాలట. మొదలెట్టకముందే 'ఫినిష్' అనే భాషేమిటే అని ఆయన ఆ రోజు వేసిన జోకే ఆఖరు. తర్వాత నోటికి బొత్తాం పెట్టేసుకున్నారు.

పాఠాలు చెప్పే టీచరమ్మ నియమం ఒకటుంది. ఇంట్లో కళ్ళకి కనిపించినవాటి మీద రోజుకి ఐదు చిన్న వాక్యాలు రాయాలి. ఎడమపక్క ఫిన్నిష్, కుడిపక్క తెలుగు. మర్నాడు పొద్దున పుస్తకం ఇంట్లోవాళ్ళ చేతికిచ్చి చూడకుండా అప్పజెప్పాలి. ఆ భాషకి పదిహేను విభక్తులని విని, మనకున్న ఎనిమిదింటి మీదే నాకు భక్తి లేదన్న తల్లి కూడా ఒక్కరోజు మానకుండా పుస్తకం పట్టుకుంది. ఇవాళ మాత్రం కళ్ళజోడు కనబడట్లేదంటూ దాన్ని తెచ్చి మిషను మీద పెట్టేసింది. జోడు ఆవిడ గుప్పెట్లోనే ఉంది.

ఆయన గుడ్డ కొలిచినట్టు ఒక్కో పేజీ తిప్పారు. కిటికీ పాతది. దారం ఎర్రగా ఉంది. అమ్మ పెందలాడే లేస్తుంది. కత్తెర బరువుగా ఉంది. నాన్న మాట్లాడడు. ఇంకో పేజీలో కుర్చీ, తలుపు, గోడ, దీపం. ఐదో వాక్యం మళ్ళీ అదే. ఇరవై రెండు పేజీల్లో ఇరవై రెండుసార్లు.

"ఇదేమిటి, రోజూ ఇదే రాశావ్?"

"కనిపించిందే రాయమన్నారు నాన్నా."

"నా మీద మీ టీచరుకి చాడీలు చెబుతున్నావన్నమాట."

"లేదు. ఈరోజైనా మారుతుందేమోనని ఆ ఒక్క గీతా పడుకునే ముందుదాకా ఖాళీగానే ఉంచేదాన్ని."

మిషను చక్రం మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. తను అలిగితే పిల్ల ఆగుతుందనుకున్నారు. పిల్ల చదువు ఆగలేదు. రోజూ ఆ ఖాళీ గీత దగ్గర మాత్రం ఆగింది, ఆయన కోసం.

పరీక్షకి ఇంకెన్నాళ్ళని అడిగారు. పది రోజులంది. ఆ పది రోజులూ పుస్తకం తనే పట్టుకుంటానన్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారిగా సద్దుమణిగింది.

"సరే, అప్పజెప్పు."

"తాలో ఓన్ పియెని. ఇల్లు చిన్నది."

"నువ్వెళ్ళాక ఇంత చిన్నగా ఉండదులే. నువ్వు లేని ఇంటిని ఆ భాషలో ఎలా చెబుతారు?"



"ఆ పాఠం ఇంకా రాలేదు నాన్నా."

ఆయన చేతికందిన గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నారు. అది ఎవరిదో కొత్త చొక్కా కాలరు.

"రానీ, తొందరేముంది." స్టూలు దగ్గరికి లాగి కూతుర్ని కూర్చోబెట్టారు. "ముందు ఉన్నవాటి గురించి చెప్పు."