బూజు పట్టని బ్రెడ్డు

ఆ అమ్మాయి చేతిసంచిలోంచి ఒక కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. అందులో ఆరు బ్రెడ్డు ముక్కలున్నాయి.

"వీటికి బూజు పట్టలేదు," అంది కోపంగా.

జయచంద్ర చేతిలో కత్తి ఆగిపోయింది. పదకొండేళ్లుగా అతను ఈ బేకరీలో ఉన్నాడు. బూజు పట్టిందని తిట్టినవాళ్లను చూశాడు, మాడిందని విసిరికొట్టినవాళ్లను చూశాడు. పట్టలేదని తగువుకొచ్చిన మనిషిని చూడడం ఇదే మొదలు.

"పట్టకపోతే మంచిదే కదా మేడమ్?"

"మీకు మంచిది. నాకు నలభై మంది పిల్లోళ్ల ముందర మర్యాద పోయింది. ఐదు దినాలు ముక్కలు తడుపుతా, గాజుగిన్నె బోర్లించి అల్మారాలో పెట్టినా. ప్రాక్టికల్స్ దినం తీసి చూస్తే ఏముండాది? పెండ్లికూతుర్ల మాదిరి కూర్చోని ఉండాయి ఆరూ. పరీక్షకొచ్చిన సారు నవ్వినాడు. 'బూజు చూపిస్తానని బ్రెడ్డు చూపిస్తాండావేమ్మా' అన్నాడు."

ఆమె పేరు హేమావతి. ఊళ్లోనే డిగ్రీ కాలేజీలో బాటనీ చెబుతుంది. ఉంటున్నది పక్కనున్న బుక్కరాయసముద్రంలో. బూజు మొలిపించే పాఠానికి కంపెనీ బ్రెడ్డు పనికిరాదని, అందులో బూజును ఆపే పొడి ఉంటుందని ఆమెకు తెలుసు. అందుకే పోయినవారం వెతుక్కుంటూ ఈ బేకరీకి వచ్చి ఆ బ్రెడ్డు కొనుక్కుపోయింది. బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాసుంది: 'మందు కలపని బ్రెడ్డు.'

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శ్రీరంగప్ప కళ్లద్దాలు సర్దుకున్నాడు. జయచంద్ర తండ్రి ఆయన. బోర్డు రాయించింది కూడా ఆయనే.

"మా దాంట్లో మందా? నలభై ఏండ్లు ఈ చేతుల్తో పిండి పిసికినా తల్లీ. పిండి, ఈస్టు, ఉప్పు, చక్కెర, రవ్వంత నూనె. అంతే. కావాలంటే నా కొడుకును అడుగు."

హేమావతి కొడుకు వైపు తిరిగింది. పెద్ద కళ్లు. దేన్నయినా అద్దం కింద పెట్టి చూడడం అలవాటైన కళ్లు. ఆ చూపు కింద తాను ఒక పలుచని ముక్కలా పరుచుకుపోతున్నట్టు అనిపించింది జయచంద్రకు.

"గాలి పొడిగా ఉండాది కదా మేడమ్," అన్నాడు. "అనంతపురం ఎండకు మనుషులే నిలబడలేరు. పాపం, బూజు యాడ బతుకుతాది?"

ఆమెకు నవ్వొచ్చింది, కానీ దాన్ని పెదవుల దగ్గరే ఆపేసింది. "పరీక్ష ఇంకో వారం తర్వాత మళ్లీ పెట్టినారు. తాజాది ఇంకొకటి చేసి పెట్టండి, రేపు వస్తా. ఈసారి గానీ పట్టకపోతే మిమ్మల్నే తీసుకపోయి అల్మారాలో పెడతా."

ఆమె వెళ్లిపోయాక కూడా ఆ మాట చాలాసేపు దుకాణంలోనే తిరిగింది.

*

పొడి కలుపుతున్నది జయచంద్రే. మూడు నెలలైంది.

రోజూ పొద్దున బస్సులో వాళ్ల బ్రెడ్డు కుందుర్పికి పోతుంది. ఆ పక్క పల్లెల్లో జ్వరమొచ్చినవాళ్లకు, బాలింతలకు, ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకు బ్రెడ్డే పథ్యం. అమ్ముడుపోయేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. తొలకరి రెండు జల్లులు పడగానే బ్రెడ్లు ఆకుపచ్చ మచ్చలతో తిరిగొచ్చాయి. ఇంకోసారి ఇట్లయితే కొనేది లేదని అక్కడి అంగళ్లవాళ్లు చెప్పేశారు. అప్పుడే సరుకులమ్మే మనిషి ఒకడు తెల్లటి పొడి పొట్లం చేతిలో పెట్టాడు. కాల్షియం ప్రొపియోనేటు. అన్ని కంపెనీలూ వాడేదే, కిలో పిండికి మూడు గ్రాములు చాలన్నాడు. నాయనతో చెబితే ఒప్పుకోడు. అందుకని చెప్పలేదు. దుకాణానికీ బస్సుకూ పిండి ఒకటే, కలిపే తొట్టీ ఒకటే. వేరుగా కలిపితే నాయన ఎందుకని అడుగుతాడు.

మొదటిరోజు పొడి వేసేముందు నాయన వస్తున్నాడేమోనని వాకిలి వైపు చూశాడు. పదో రోజుకు చూడడం మానేశాడు. అది మానినందుకే అతనికి దిగులు. తాను అబద్ధం చెప్పడం ఒక రకం. ఏ పాపమూ ఎరగని తండ్రి తన అబద్ధాన్ని గుండె మీద చెయ్యేసుకుని ఊరందరికీ చెబుతుంటే పక్కన నిలబడి వినడం ఇంకో రకం.

మరుసటిరోజు తెల్లవారగానే, పొడి వేయకముందే, ఒక బ్రెడ్డుకు సరిపడా పిండి పక్కకు తీశాడు. ఒక్క టిన్నులో వేశాడు. గుర్తుకోసం పైన కత్తితో చిన్న గాటు పెట్టాడు. దుకాణమంతటికీ అదొక్కటే నిజమైన బ్రెడ్డు. దాన్ని ఆమెకోసం దాచాడు.

*

ఆరోరోజు కాలేజీ అటెండరు ఫోను చేశాడు: హేమావతి మేడమ్ ఒకసారి రమ్మంటున్నారని.

ల్యాబులో ఎవరూ లేరు. కిటికీ అవతల మబ్బు కమ్ముకుంటోంది. ఆమె గాజుగిన్నె ఎత్తింది. బ్రెడ్డు ముక్కల మీద బూడిదరంగు నూగు, దూదికన్నా మెత్తగా.

"చూసినారా! ఎంత చక్కగుందో."

"బూజును చక్కగుందన్న ఆడపిల్లను నేను ఇంతవరకూ చూడలా."

"బూజు పట్టినందుకు సంబరపడే బేకరీ మనిషిని నేనూ చూడలా. ఏమిటికి అట్ల ఇకిలిస్తాండారు?"

అతను గబుక్కున నవ్వు దాచుకున్నాడు. ఆమె మైక్రోస్కోపు సర్ది పక్కకు జరిగింది. అతను కన్నానించాడు. మొదట మసక. ఆమె చెయ్యి అతని భుజం మీదుగా వచ్చి ఏదో మర తిప్పింది. మసక విచ్చుకుంది. సన్నటి గాజు కాండాలు, వాటి తలల మీద నల్లటి గుండ్రటి కాయలు. ఒక కాయ పగిలి రవ్వలు రాలుతున్నాయి. గాలి లేని చోట, చప్పుడు లేని చోట, ఒక అడవి నిలబడి ఉంది.

"మన జిల్లాలో ఇంత అడివి యాడుండాది మేడమ్?" అన్నాడు గొంతు తగ్గించి.

రేకుల మీద వాన మొదలైంది. తల ఎత్తితే ఆ అడవి పోతుందేమోనని, పక్కనే ఉన్న మల్లెపూల వాసన పోతుందేమోనని, అతను చాలాసేపు కన్ను తీయలేదు.

"చాల్లే, లేవండప్పా," అంది చివరికి. "లెన్సు అరిగిపోతాది."

*

ఆ తర్వాత ఆమె రోజూ సాయంత్రం ఐదింటికి రావడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ హనుమంతమ్మకు చక్కెర జబ్బు. టీలో రెండు ముక్కలు అద్దుకుని తినకపోతే ఆమెకు పొద్దుపోదు.

"చక్కెర జబ్బుకు అసలు బ్రెడ్డే వద్దు. మాయమ్మ వినదు," అంది ఒకరోజు. "ఎట్లా తింటాది కాబట్టి, మీ దాని మాదిరి మందు లేనిదన్నా పెడతాం."

"ఆ మందు అంత చెడ్డదా?" అడిగాడు, బ్రెడ్డు చుడుతున్న కాగితం మీంచి కళ్లెత్తకుండా.

"విషమేం కాదు. మన పేగుల్లోనే కొంచెం తయారవుతాది. అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి. కానీ ఎలుకల మీదా, పిడికెడు మంది మనుషుల మీదా పరీక్ష చేసి చూస్తే, అది తిన్నాక రక్తంలో చక్కెరను పెంచే హార్మోన్లు ఎగిసినాయని రాసినారు. చిన్న పరీక్షే. ఏండ్ల తరబడి తింటే ఏమైతాదో ఇంకా ఎవరికీ తెలీదు."

"అంటే... కాకపోవచ్చు కూడా."

"కాకపోవచ్చు. అయినా తెలీని దాన్ని మాయమ్మ మీద ఏమిటికి పరీక్ష చేయల్ల? తెలిసి తింటే వాళ్లిష్టం. తెలీకుండా తినిపిస్తేనే నాకు మంట." అంటూనే నవ్వింది. "మీకేంలే, మీ నాయన ఉండాడు. ఆయన్ను చూస్తే చాలు, నమ్మబుద్ధైతాది."

ఆ రాత్రి కలలో అతను అడవిలో నడుస్తున్నాడు. గాజు చెట్ల మధ్య ఆమె ముందు పోతోంది. పిలవబోతే నోట్లోంచి తెల్లటి పొడి రాలింది.

రేపు చెబుతాననుకున్నాడు. ఇరవై రోజులు రేపు అనే అనుకున్నాడు. రోజూ మాత్రం గాటు పెట్టిన బ్రెడ్డు ఒకటి తప్పకుండా పొయ్యిలోంచి దిగేది.

*

ఆ బుధవారం పెట్రోలు పోయించుకుని వచ్చేసరికి ఐదూ పదైంది. అరలో గాటు బ్రెడ్డు లేదు.

"నాయనా, ఈడ పక్కన పెట్టిన బ్రెడ్డు?"

"పామిడి ఊరాయన వస్తే ఇచ్చినా."

"మరి మేడమ్?"

"ఇప్పుడే తీసుకపోయింది. బల్ల మీద నుంచి ఇంకొకటి ఇచ్చినా. ఏమిరా అట్ల మొగం పెట్టినావు? అన్నీ ఒకటే కదా?"

అన్నీ ఒకటే కదా. తండ్రి ఆ మాట ఎంత అమాయకంగా అన్నాడో అంత లోతుగా దిగింది. జయచంద్ర బండి తిప్పాడు.

బుక్కరాయసముద్రం దోవలో వాన అందుకుంది. ఈ నేల మీద ఎప్పుడో గానీ కురవని వాన, బాకీ అంతా ఒక్క పూటలో తీర్చేస్తున్నట్టు. చెరువుకట్ట దగ్గర ఆటోలు ఆగిపోయాయి. టీకొట్టు రేకు కింద, సంచిని గుండెకు హత్తుకుని హేమావతి నిలబడి ఉంది. తడిసి ముద్దయి వచ్చిన అతన్ని చూసి ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు తనకోసమేనని తెలిసిన మరుక్షణమే దాన్ని ఆర్పాల్సి వచ్చింది అతనికి.

"ఆ బ్రెడ్డు మీ అమ్మకు పెట్టద్దు. దాంట్లో పొడి ఉండాది."

మొదలుపెట్టాక ఆగలేదు. కుందుర్పి బస్సు, మూడు గ్రాములు, ఆమెకోసం వేరే టిన్ను, గాటు, అన్నీ చెప్పేశాడు. మొదటి పరీక్ష పోయింది కూడా తన పొడివల్లేనన్నాడు. టీకొట్టాయన పాలు కాగబెట్టడం కూడా మర్చిపోయి విన్నాడు.

హేమావతి సంచిలోని బ్రెడ్డు వైపు చూసింది.

"మూడు గ్రాములంటే ఒప్పుకున్న కొలతలోనే ఉండాది. కవరు మీద ఉన్నదున్నట్టు రాసింటే ఎవురూ ఏమీ అనరు."

"రాస్తే నాయనకు తెలుస్తాదని భయం. నువ్వు వచ్చినాక ఇంకో భయం."

"ఏం భయం?"

"నువ్వు రాకుండా పోతావని. ఐదింటికి నువ్వు రాకపోతే ఆ దినం ఏం చేసుకోవల్లో నాకు తెలీదు."

"ఇట్ల చెప్పేది ప్రేమనా? వానలో, టీకొట్టు కాడ, ఒక తప్పుతో కలిపి?"

"వేరువేరుగా చెప్పేకి నాకు చేతకాలా."

ఆమె పెదవి కదిలింది. అయినా నవ్వలేదు. బ్రెడ్డు తీసి అతని చేతిలో పెట్టింది.

"మాయమ్మకని వేరే టిన్ను పెట్టినావు. మిగతావాళ్ల అమ్మలు అమ్మలు కారా?"

వాన తగ్గకముందే, ఆగిన ఆటోవాణ్ని బతిమాలి ఎక్కి వెళ్లిపోయింది.

*

దుకాణానికి తిరిగి రాగానే తండ్రికి చెప్పాడు. శ్రీరంగప్ప అరవలేదు, కొట్టలేదు. నిచ్చెన తెమ్మన్నాడు. వీధిలో వెలుతురుండగానే తన చేతులతో బోర్డు దించి గోడకు తిప్పి పెట్టాడు.

"కుందుర్పికి పోయేదాని కవరు మీద పొడి ఉండాదని రాయి. ఇష్టముండేవాళ్లు కొంటారు. ఈడ అమ్మేదానికి వేరే తొట్టి పెట్టు. అడిగినోళ్లందరికీ ఇన్నాళ్లూ కలిపినామని చెబుదాం." చేతులు దులుపుకుని అన్నాడు: "నువ్వు నాకు చెప్పింటే తిట్టేవాణ్ని. అంతే కదరా? తిట్టుకు అంత భయమా?"

జయచంద్ర నిచ్చెన ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"ఆ పాప నా మొగం చూసి నమ్మింది. ఆదివారం వాళ్లింటికి పోదాం. నా నోరు చెప్పిన తప్పు నా నోరే దిద్దల్ల."

ఆదివారం ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. పెద్దవాళ్లింటికి ఉత్తచేతులతో పోకూడదని శ్రీరంగప్ప దోవలో అరటిపండ్లు, రెండు మూరల పూలు, టెంకాయ కొన్నాడు. అక్కడే అయింది అసలు పొరపాటు.

తలుపు తీసిన హనుమంతమ్మ ముందు పెద్దమనిషిని చూసింది. తర్వాత వెనకాల తల దించుకుని నిలబడ్డ పిల్లోణ్ని చూసింది. తర్వాత పూలు, పండ్లు.

"అయ్యో, రాండన్నా! ఒక మాట ముందర చెప్పి పంపకపోతిరే! ఇల్లంతా ఎట్లుండాదో చూడండి." గబగబా చాప పరిచింది. లోపలికి ఒక కేక వేసింది. "హేమా! చీర మార్చుకో!"

శ్రీరంగప్ప కూర్చున్నాడు. "అమ్మా, మేము వచ్చింది ఏమంటే..."

"తెలిసిందిలే అన్నా. పిల్లోడు ఏం చేస్తాడు?"

"బ్రెడ్డు చేస్తాడు. నాలుగు నెలలు దాంట్లో ఎవరికీ చెప్పకుండా పొడి కలిపినాడు. మీ పాపకు అబద్ధం చెప్పినాడు. నాకూ చెప్పినాడు."

హనుమంతమ్మ నోరు తెరిచింది. "ఇదేంది? పెండ్లిచూపులకొచ్చి కొడుకు తప్పులు ఏకరువు పెట్టేవాళ్లను నేను యాడా చూడలా!"

"పెండ్లిచూపులా?" శ్రీరంగప్ప తన ఒళ్లోని పూల వైపు చూసుకున్నాడు. తర్వాత కొడుకు వైపు. కొడుకు చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఆయనకు అంతా ఒక్కసారిగా అర్థమైంది.

లోపలి గది తలుపు దగ్గర హేమావతి నిలబడి ఉంది. చీర మార్చుకోలేదు. చేతిలో ఇంకా చీపురే ఉంది. ఎప్పట్నుంచి వింటోందో.

"అమ్మా, ఇంతకుముందు నన్ను చూసేకి ముగ్గురొచ్చినారు. ముగ్గురూ మంచివాళ్లమనే చెప్పి పోయినారు," అంది. అతని వైపు చూడకుండానే లోపలికి వెళ్లింది.

ఆ మాటను ఎటు తిప్పుకోవాలో జయచంద్రకు తెలియలేదు. చాప అంచు పోగు ఒకటి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

శ్రీరంగప్ప లేవబోయాడు. "మేం పోయొస్తాం తల్లీ. చెప్పాల్సింది చెప్పినాము."

"మధ్యాన్నమైంది, ఇంత తిని పోండన్నా," అంది హనుమంతమ్మ, ఏమనాలో తోచక.

"వద్దమ్మా. పూలు పట్టుకోని ఆడపిల్ల ఇంటికొచ్చినాక, మాట ఖాయం కాకుండా అన్నం తినకూడదు. నీకు తెలీనిదా?"

హనుమంతమ్మ తలాడించింది. తెలుసు. ఆ ఆచారం వాళ్లకూ ఉంది. జయచంద్ర పోగు వదిలేసి, మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచాడు.

అప్పుడు వంటింట్లోంచి గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది. వెంటనే ఆమె గొంతు, పాఠం చెప్పేటంత స్పష్టంగా.

"అమ్మా, నలుగురికి ఎసరు పెట్టినా."