వేర్‌హామ్ గారి రాత్రి గంట

మా కాల్డర్‌విక్ సంత చౌకులో ఆకుపచ్చ తలుపు ఇల్లొకటుంది. చీకటి పడితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. చుట్టు తిరిగి చర్చి పక్క నుంచి పోతారు. ఆ ఇంటికెదురుగానే గుడ్లమ్ముకు బతుకుతున్నదాన్ని, నేనూ అంతే. నాలుగవగానే బుట్టలు సర్దేస్తాను.

మా ఊరికి గొప్పవాళ్ళ పిచ్చి. ఇక్కడ పుట్టినా, పెరిగినా, ఒక్క రాత్రి పడుకుని పోయినా సరే, గోడకో ఫలకం కొట్టేస్తారు. లండన్ వస్తాదుని పడగొట్టిన కసాయి కుర్రాడికో ఫలకం. తోకచుక్కని కనిపెట్టిన పాదిరిగారి చెల్లెలికో ఫలకం. అన్నిట్లోకీ పెద్దది ఆ ఆకుపచ్చ తలుపు పక్కన ఉంటుంది. డాక్టర్ వేర్‌హామ్ గారిది. రాణిగారి చుట్టాల నాడి పట్టిన చెయ్యి మరి!

ఆ తలుపు పక్కన ఇత్తడి పిడి ఒకటుంది. రాత్రిపూట ఎవరికి ప్రాణం మీదికొచ్చినా అది లాగితే, మేడ మీద డాక్టరు గారి మంచం పక్కన గంట మోగేది. ఆయన పోయారు. ఇల్లు పాడుబడింది. గంట మాత్రం... మంచు కురిసే రాత్రుళ్ళు దానంతటదే మోగేది.

ఊళ్ళో వాళ్ళు భయపడ్డారా? భయపడ్డారు. కానీ గొప్ప ఊరుకోదే! "మహానుభావుడు! చచ్చినా రోగుల్ని వదల్లేదు. గంట మోగితే ఇప్పటికీ లేచి వెళ్తాడు" అని బయటి ఊళ్ళవాళ్ళకి చెప్పుకుని మురిసిపోయేవారు. పగలంతా భక్తి, రాత్రయితే చుట్టుదారి.

ఈ సంగతి నేను ఎనక్ రడ్డక్ నోటే విన్నాను. కొండ మీద గొర్రెలు కాచుకునే మనిషి. అబద్ధమాడ్డానిక్కూడా బద్ధకం అతనికి.

మొదటి యుద్ధం అయ్యాక వచ్చిన చలికాలాల్లో ఒకటి. అతని కూతురు హెట్టీకి నాలుగేళ్ళు. భార్య కాన్పులోనే పోయింది. మిగిలింది ఆ పిల్లొక్కతే. ఆ పిల్లకి కంఠసర్పి పట్టుకుంది. గొంతు పూడుకుపోయి, ఊపిరి తీస్తే రంపం కోసినట్టు చప్పుడు.

పిల్లని కంబళిలో చుట్టి, కోటు లోపల దోపుకుని, మోకాళ్ళ లోతు మంచులో కొండ దిగాడు. ఊళ్ళో ఉన్న డాక్టరింటికి పరిగెత్తాడు. కిటికీ తెరిచి పనిమనిషి తల బయటపెట్టింది.

"డాక్టరు గారు కాన్పుకని పక్క ఊరెళ్ళారయ్యా. మంచులో అక్కడే చిక్కుబడిపోయారు."

"ఎప్పుడొస్తారమ్మా?"

"దోవ తెరిస్తే వస్తారు..."

కిటికీ మూసుకుంది.

ఎనక్ చౌకు మధ్యకొచ్చి నిలబడ్డాడు. మనిషి లేడు, దీపం లేదు. కోటు లోపల పిల్ల ఎగశ్వాస తీస్తోంది. ఒక ఊపిరి... ఆగింది... మళ్ళీ ఒకటి. ఏం చెయ్యాలో తోచలేదు. "దేవుడా, దీన్ని తీసుకెళ్తే నన్ను కూడా తీసుకెళ్ళు" అని గట్టిగానే ఏడ్చాడట.

అప్పుడు కనబడింది ఆకుపచ్చ తలుపు.

"దెయ్యమైతేనేం... డాక్టరే కదా!" అనుకున్నాడు.

చూశారా మనిషి గతి! ఊరంతా గొప్పకి చెప్పుకున్న మాటని ఆ వెర్రిబాగులవాడు నిజంగా నమ్మాడు. మెట్లెక్కి పిడి పట్టుకుని లాగాడు.

పైన చీకట్లో గంట మోగింది.

"అయ్యా... వేర్‌హామ్ గారూ... నా పిల్లండీ..."

చప్పుడు లేదు. మళ్ళీ లాగాడు. అడుగుల చప్పుడు వినపడుతుందేమోనని చెవి తలుపుకి ఆనించాడు. చల్లటి కర్ర, అంతే. కోటు లోపల ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగిపోతోంది.

"లేవండి బాబూ... మీ కాళ్ళు పట్టుకుంటా... లేవరా పెద్దమనిషీ!"

"ఆయన లేవడు."

పక్కనే... ఆడగొంతు.

ఉలిక్కిపడి తిరిగాడు. మెట్టు మీద ఒకావిడ. తల మీంచి పాత శాలువా. గుండెలకి ఏదో మూట హత్తుకుంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. తన కంగారులో చూసుకోలేదనుకున్నాడు.

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు.

"నాకు తెలుసు. ఇక్కడ నిలబడకు."

"మరెక్కడికి పోను? ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?"

ఆవిడ చెయ్యెత్తి సంత వెనక సందు చూపించింది. "పశువుల డాక్టరింట్లో దీపం వెలుగుతోంది. అక్కడికి పో."

"పశువుల డాక్టరా! నా పిల్ల దూడా ఏమన్నానా?"

"నేనూ అలాగే అనుకున్నాను..." అంది ఆవిడ. "అందరూ ఈయన పేరే చెప్పారు. పో నాయనా... పో..."

ఎనక్ పరిగెత్తాడు. వెనక ఆవిడ కూడా వస్తున్నట్టనిపించింది. తిరిగి చూసే తీరికెక్కడిది?

పశువుల డాక్టరు క్రాగ్ మోటు మనిషి. ఈనుతున్న ఆవు దగ్గర్నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. పిల్లని చూసి మొహం మాడ్చాడు.

"నీకు మతి పోయిందా? మనుషుల మీద కత్తి పెడితే నన్ను జైల్లో వేస్తారు."

"నేనూ వస్తాను మీతో జైలుకి. దీన్ని బతికించండి బాబూ."

అప్పటికి పిల్ల పెదాలు నీలంగా తిరిగాయి. ఊపిరి ఆగింది. మళ్ళీ రాలేదు.

క్రాగ్ బల్ల మీద పాత్రలన్నీ ఒక్క తోపు తోసి పిల్లని పడుకోబెట్టాడు. "దీపం పట్టుకో. చెయ్యి కదిలిందా, చంపేస్తా" అన్నాడు. గుర్రాలకి గొంతు పూడితే చేసినట్టే గొంతుకింద చిన్న గాటు పెట్టాడు. దెబ్బతిన్న ఆవు చన్నులోంచి పాలు తీసే సన్నటి వెండి గొట్టం అందులోకి దూర్చాడు.

ఏమీ లేదు...

ఏమీ లేదు...

ఆ గొట్టంలోంచి ఈల వేసినట్టు గాలి లోపలికెళ్ళింది. పిల్ల గుండె పైకి లేచింది. ఎనక్ దీపం బల్ల మీద పెట్టి, కింద కూలబడి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

తెల్లారేసరికి హెట్టీ మొహంలోకి రంగొచ్చింది. క్రాగ్ మాత్రం రాత్రంతా కన్ను మూయలేదు. పొయ్యి వంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి మెల్లిగా అడిగాడు.

"నీతో వచ్చినావిడ ఎవరు?"

"నాకూ తెలీదండి. దోవ చూపించింది. లోపలికి రాలేదనుకుంటా."

"వచ్చింది." క్రాగ్ గొంతు తగ్గించాడు. "నువ్వు కింద పడి ఏడుస్తున్నావు, చూళ్ళేదు. నీ పిల్లకి ఊపిరందాక నా ముందుకొచ్చి మూట చాపింది. 'దీన్ని కూడా చూడండి బాబూ. వేర్‌హామ్ గారి గంట చాలాసేపు కొట్టాను. ఆయన లేవలేదు' అంది."

వేర్‌హామ్ పోయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు!

"మూట... విప్పారా?"

"విప్పాను. చంటిపిల్లల గుడ్డలు. లోపల ఏమీ లేదు." రెండు చేతులూ మూట మోస్తున్నట్టు ముందుకి చాపాడు. "కానీ ఎనకూ... బరువుంది. చంటిబిడ్డ బరువుంది. 'ఊపిరాడుతోందా?' అని అడిగింది. నా మొహం వంకే చూస్తోంది, కన్నార్పకుండా..."

"మీరేమన్నారు?"

"ఆడుతోందమ్మా అన్నాను. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టమన్నాను... ఇంకేం చెప్పను? నువ్వే చెప్పు."