డెబ్భై డిగ్రీల కుట్ర

"బుధవారం ఆ అమ్మాయిని చంపుతారు. ఆస్పత్రిలో, అందరూ చూస్తుండగా. డెత్ సర్టిఫికెట్‌లో అనుమానించడానికి ఒక్క మాట కూడా ఉండదు."

భానుమూర్తి ఆ మాట చెప్పి, బ్లాక్‌బోర్డు మీద సగంలో ఆగిన లెక్కను డస్టర్‌తో తుడిచాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ వీధికి ఆయన ఎంసెట్ కోచింగ్ సెంటర్ నడిపే ఫిజిక్స్ మాస్టారు. గూఢచార విభాగానికి స్టేషన్ చీఫ్. సకల జనుల సమ్మె నడుస్తోంది కనుక క్లాసులు లేవు. ఖాళీ బెంచీల మధ్య ఏజెంట్ ఉపేంద్ర ఒక్కడే కూర్చున్నాడు.

"టార్గెట్?"

"ప్రవీణ. మన్సూరాబాద్ పిల్ల. విద్యార్థి నాయకురాలు. ఆమె మైకు పట్టుకుంటే ఎల్బీనగర్ చౌరస్తా ఆగిపోతుంది. ఈమధ్య సభల్లో నిలబడ్డచోటే స్పృహ తప్పి పడిపోతోంది. ఈసీజీ నార్మల్, స్కాన్ నార్మల్. కిట్టనివాళ్లు డ్రామా అంటున్నారు. రోషం వచ్చి, బల్లకి కట్టి నిలబెట్టి చూసే టిల్ట్ టేబుల్ టెస్టుకి తనే ఒప్పుకుంది."

"చంపేది ఎవరు?"

"ఆర్కిడ్ రింగ్. విదేశీ ముఠా. ఊరు తగలబడితే వాళ్లకి పండగ. ఆ పిల్ల ఆంధ్రావాళ్ల ఆస్పత్రిలో పోయిందంటే సాయంత్రానికి ఈ రోడ్డు మీద ఒక్క షాపు మిగలదు. ఆ తర్వాత అటెన్ని శవాలో, ఇటెన్ని శవాలో."

"ఆమెకే చెప్పేస్తే?"

"నీ గుడివాడ యాస విన్నాక నమ్ముతుందా? మైకులో నిన్నే తిడుతుంది. లోపల మన మనిషి ఉంది, డాక్టర్ మృదుల. రెండేళ్లుగా ఆర్కిడ్ మనిషిలా నటిస్తూ మనకి పనిచేస్తోంది. విషం మందులోనే ఉంటుందని ఆమె కబురు. నువ్వు టెక్నీషియన్‌గా వెళ్తున్నావు." ఆయన ఒక పెన్ను ఇచ్చాడు. "మందు చుక్క దీని మొనకి తగిలించు. విషమైతే నీలంగా మారుతుంది."

ఉపేంద్ర పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఏడాది కూడా కాలేదు కదయ్యా," అన్నాడు భానుమూర్తి గొంతు తగ్గించి. "ఆస్పత్రిలోకి వెళ్లగలవా?"

భార్య పోయాక ఉపేంద్ర ఏ ఆస్పత్రి మెట్లూ ఎక్కలేదు.

"వెళ్తాను సార్."

అతను లేచి తలుపువైపు నడిచాడు.

*

బుధవారం పొద్దున ఎల్బీనగర్ దగ్గర ఆ మూడంతస్తుల గుండె ఆస్పత్రి గేటు ముందు వందమందికి పైగా కూర్చుని ఉన్నారు. జెండాలు ఉన్నాయి, నినాదాలు లేవు. తెల్లకోటు వేసుకున్న ఉపేంద్రను వాళ్లు తల నుంచి కాలిదాకా చూసి దారి వదిలారు.

రెండో అంతస్తులో మృదుల ఎదురైంది. సన్నటి చీర, మెడలో స్టెతస్కోపు. పక్కన నడిస్తే ఖరీదైన అత్తరు వాసన.

"గడ్డిఅన్నారంలో బత్తాయిలు తీపెక్కాయా?" అన్నాడతను.

"ఇంకా పులుపే. వేసవి దాకా ఆగాలి," అందామె. కోడ్ సరిపోయింది. "స్ప్రే ట్రేలో ఉంది. చూసుకో."

టెస్ట్ రూములో ప్రవీణ అప్పటికే బల్లమీద ఉంది. ఛాతీకి, నడుముకి, మోకాళ్లకి బెల్టులు. గోడకి ఆనుకుని అన్న కొండల్ నిలబడ్డాడు. పండ్ల మార్కెట్‌లో లారీలకు లోడెత్తే మనిషి, భుజాలు తలుపంత ఉన్నాయి.

"ఏంది సారూ, ముల్లె కట్టినట్టు కడుతున్రు?" అంది ప్రవీణ. "మీరే ఊరోళ్లు?"

"గుడివాడండి."

"గందుకే ముడి గట్టిగున్నది."

కొండల్ నవ్వలేదు. "నా చెల్లెకు జర ఏమన్నయ్యిందనుకో, నువ్వు ఈ మెట్లు దిగవు."

మృదుల మోటారు బటన్ నొక్కింది. బల్ల డెబ్భై డిగ్రీలకు లేచి నిలబడింది.

"మొదట మందు లేకుండా చూస్తాం," అందామె కొండల్‌తో. "పడిపోకపోతే నాలుక కింద నైట్రోగ్లిజరిన్ కొడతాం. రక్తనాళాలు సడలుతాయి, రక్తం కాళ్లలోకి దిగుతుంది. ఈమెకున్నది మేం అనుకుంటున్న జబ్బే అయితే స్పృహ పోతుంది. వెంటనే బల్ల దించేస్తాం. పడుకోబెట్టగానే లేచి మాట్లాడతారు."

ఉపేంద్ర వాళ్లకు వీపు తిప్పి, స్ప్రే చుక్కను పెన్ను మొనకు తగిలించాడు. రంగు మారలేదు. మళ్లీ చూశాడు. మారలేదు. అది అచ్చంగా మందే. ఆర్కిడ్ వెనక్కి తగ్గిందనుకుని ఊపిరి వదిలాడు.

బల్ల లేచి చాలాసేపయింది. ప్రవీణ పడిపోలేదు. స్ప్రే కొట్టాల్సిన సమయం దాటినా మృదుల కొట్టలేదు. రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లివచ్చింది. గోడ గడియారం పదకొండుకు దగ్గర పడ్డాక, "నోరు తెరువమ్మా," అని కొట్టింది.

కాసేపటికి ప్రవీణ నుదుట చెమట పోసింది. "అన్నా, కండ్లకు చీకట్లొస్తున్నయి." మానిటర్‌లో అంకెలు జారడం మొదలైంది. తల పక్కకు వాలింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

అదే క్షణంలో కరెంటు పోయింది. బల్లను దించే మోటారు ఇక కదలదు.

సమ్మెకు బొగ్గు ఆగిపోయిన నాటి నుంచి పదకొండింటికి కోత. ఆ సంగతి ఊళ్లో పాలవాడికి కూడా తెలుసు. ఉపేంద్రకు అప్పుడు అర్థమైంది. విషం మందులో లేదు. మృదుల నిజంగానే ఆర్కిడ్ మనిషి, తప్పుడు కబురు పంపి మందును కోత వేళకు జతచేసింది.

"జనరేటర్?"

"డీజిల్ లేదట. బంద్ కదా," అంది మృదుల నింపాదిగా.

అతను వంగి బల్ల కింద చెయ్యి పెట్టాడు. చేత్తో దించే హ్యాండిల్ ఉండాల్సిన చోట ఖాళీ తగిలింది. బ్యాటరీ మీద నడుస్తున్న మానిటర్ ఒకసారి మోగింది. చాలాసేపటికి గానీ మళ్లీ మోగలేదు. స్పృహ తప్పిన మనిషిని అలా నిలబెట్టి ఉంచితే తలకు రక్తం ఎక్కదు. ఇంకాసేపు చాలు.

అతను బెల్టు మీద చెయ్యి వేశాడు.

"కొండల్, పట్టుకో వాణ్ణి!" మృదుల అరిచింది. "టెక్నీషియన్ కాదు, ఆంధ్రా పోలీసు! నీ చెల్లెల్ని చంపడానికొచ్చాడు!"

కొండల్ ఒక్క అంగలో వచ్చి ఉపేంద్ర మెడ పట్టి గోడకు నొక్కాడు. "నేననుకున్న! నీ మాట ఇన్నప్పుడే అనుకున్న!"

ఉపేంద్రకు కొట్టడం తెలుసు, విడిపించుకోవడం తెలుసు. ఆ పెనుగులాటకు టైము లేదు. చేతులు రెండూ వదిలేశాడు.

"నన్ను తర్వాత చంపు. ముందు డాక్టరు గారిని ఒక్కమాట అడుగు. పడుకోబెట్టాలా వద్దా అని."

కొండల్ తల తిప్పాడు. "మేడం, పండబెట్టాల్నా?"

మృదుల నోరు తెరిచింది. "టెస్ట్ ఇంకా... కొంచెం ఆగాలి."

"ఇందాక యెంటనే అన్నవు గద."

అతని పిడికిలి వదులైంది. "ఎట్ల?" అన్నాడు ఉపేంద్రతో.

"బెల్టులు విప్పే టైము లేదు. బల్లనే పడెయ్యాలి. వెనక్కి!"

ఇద్దరూ తలవైపు అంచు పట్టుకుని వేలాడారు. బల్ల కదల్లేదు. కొండల్ కాలు గోడకు తన్నిపెట్టి, బస్తా దించేటప్పటి కేక వేశాడు. ఇనుప చక్రాలు నేల వదిలాయి. బల్ల మనిషితో సహా వెనక్కి ఒరిగింది. దాని బరువును ఇద్దరూ భుజాలమీద ఆపుకుంటూ నేలకు దించారు.

మానిటర్ మౌనంగా ఉంది.

కొండల్ మోకాళ్లమీద కూలబడ్డాడు. "పవ్వా. ఏ పవ్వా."

ఒకసారి మోగింది. మళ్లీ మోగింది. ఆపైన వరసగా మోగసాగింది. ప్రవీణ కనురెప్పలు ఆడాయి.

"ఏందన్నా," అంది మెల్లగా. "కిందికెట్లొచ్చిన?"

మృదుల అప్పటికే మెట్లమీద ఉంది. చెప్పులు వదిలేసి పరుగెత్తింది. గేటు దాటితే చాలు, ఆర్కిడ్ కారు సిద్ధంగా ఉంది. కానీ డాక్టరమ్మ బయటికి రావడం చూసి గేటు ముందు వందమందీ ఒక్కసారే లేచారు.

"మేడం, మా అక్కకెట్లున్నది?"

"బాగుంది. దారివ్వండి."

"బాగుంటే ఎందుకురుకుతున్నవ్? చెప్పులేవి?"

ఎవరూ ఆమె మీద చెయ్యి వెయ్యలేదు. జవాబు వచ్చేదాకా దారి మాత్రం ఇవ్వలేదు. ఏ జనాన్ని రెచ్చగొట్టాలని రెండేళ్లు కష్టపడిందో ఆ జనం మధ్యే, ఉపేంద్ర సంకెళ్లు పట్టుకుని దిగివచ్చేవరకు, ఆమె నిలబడి ఉంది.

*

మర్నాడు కోచింగ్ సెంటర్‌లో భానుమూర్తి తలుపు వేశాడు. "మృదుల నోరు విప్పింది. ఆర్కిడ్ వాళ్లు అల్మాస్‌గూడలో నలుగురు దొరికారు. ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"జబ్బు నిజమేనని రిపోర్టొచ్చింది సార్. ఎక్కువసేపు నిలబడకూడదట. ఇందాకే చౌరస్తాలో సభ పెట్టింది."

"ఏమంది?"

ఉపేంద్ర మెడమీద కమిలిన వేలిముద్రలు తడుముకున్నాడు.

"మనందరినీ మూటాముల్లె సర్దుకుని పొమ్మంది సార్. గంటసేపు తిట్టింది." కాస్త ఆగి, "కుర్చీలో కూర్చునే తిట్టింది," అన్నాడు.